ఆస్టిన్ పెళ్లిళ్లు, ఢిల్లీ లెక్కలు

రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్ నవలల్లోని ఆడపిల్లల పెళ్లి కథలను దేశ రాజధాని ఇప్పటికీ తన కథల్లాగే చదువుకుంటోంది, తిరగరాసుకుంటోంది. ఆ ఆసక్తి వెనక ఉన్నది ఇల్లు ఎవరిది, ఆస్తి ఎవరిది అన్న పాత తగాదా.

డార్సీ రాబడి ఏడాదికి 10,000 పౌండ్లు. అతని స్నేహితుడు బింగ్లీది నాలుగైదు వేలు. అయిదుగురు కూతుళ్లున్న బెనెట్‌కు ఎస్టేటు మీద ఏటా వచ్చేది 2,000 పౌండ్లు. ఆయన కన్నుమూస్తే అదీ ఉండదు. 1813లో వెలువడిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల నడిచేది ఈ అంకెల మీదే. ఢిల్లీలో ఆదివారం ఇంగ్లిష్ పత్రికల్లో వధూవరుల ప్రకటనలు తిరగేసేవారికి ఈ వరస ఏమాత్రం కొత్త కాదు. ముందు కులం, ఆ తర్వాత ‘సౌత్ ఢిల్లీలో సొంత ఇల్లు’, ‘స్టేటస్ ఫ్యామిలీ’, ‘ఏడంకెల ఆదాయం’. అబ్బాయి గుణగణాలకు చోటు మిగిలితే చివర్లో ఒకటి రెండు మాటలు.

ఆ నవల రాసిన జేన్ ఆస్టిన్ (1775-1817) ఇంగ్లండ్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఆమె కథలు మాత్రం ఢిల్లీకి పదేపదే వచ్చాయి. 1985లో దూరదర్శన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను ‘తృష్ణ’ పేరుతో హిందీ సీరియల్‌గా ప్రసారం చేసింది. 2010లో ‘ఎమ్మా’ నవలను ఢిల్లీ సంపన్నుల కథగా మలిచి రాజశ్రీ ఓఝా ‘ఐషా’ సినిమా తీశారు. సోనమ్ కపూర్ అందులో నాయిక. 2013లో అనూజా చౌహాన్ తన ‘దోజ్ ప్రైసీ ఠాకుర్ గర్ల్స్’ నవల కోసం హేలీ రోడ్డులోని ఒక రిటైర్డ్ జడ్జి ఇంట్లో అయిదుగురు కూతుళ్లను సృష్టించారు. 2018లో మహేశ్ రావు ‘పొలైట్ సొసైటీ’ నవలతో ఎమ్మా మళ్లీ ఢిల్లీకే వచ్చింది, ఈసారి అనియా ఖురానా పేరుతో.

ఇన్నిసార్లు ఇక్కడికే ఎందుకు? కాలేజీ సిలబస్ ఒక కారణం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ ఆనర్స్ చదివినవారిలో ఆస్టిన్‌ను తప్పించుకున్నవారు అరుదు. అయితే పాఠ్యపుస్తకంగా చదివిన ప్రతిదాన్నీ జనం సినిమాగా తీసుకోరు. అసలు సంగతి ఏమిటంటే, నేటి ఇంగ్లండ్ పాఠకులకు ఫుట్‌నోట్లు పెట్టి చెప్పాల్సిన విషయాలు ఢిల్లీ పాఠకులకు ఇట్టే అర్థమవుతాయి. కూతురి పెళ్లి కుటుంబం మొత్తానికి సంబంధించిన వ్యవహారమనీ, అందులో ఇంటి హోదా, కొడుకుల వాటా, అమ్మాయి వయసు అన్నీ లెక్కకొస్తాయనీ వారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మగ వారసుడిదే ఇల్లు

ఆస్టిన్ కాలం నాటి ఇంగ్లండ్‌లో పెద్ద కుటుంబాల భూమి సాధారణంగా పెద్ద కొడుక్కు వెళ్లేది. కొన్ని ఎస్టేట్లను మగ వారసులకే దక్కేలా ముందు తరాలవారే కట్టడి చేసి పోయేవారు. ‘ఎన్‌టెయిల్’ అనే ఈ ఏర్పాటు వల్లే బెనెట్ ఎస్టేటు ఆయన కూతుళ్లను కాదని దూరపు బంధువు కాలిన్స్‌కు వెళ్లాల్సి ఉంటుంది. పైగా పెళ్లైన స్త్రీకి చట్టం దృష్టిలో భర్తతో వేరుగా ఉనికే లేదు. ఆమె తెచ్చుకున్న సొమ్ము, సంపాదించుకున్న కూలి కూడా భర్తవే. భార్య సంపాదన ఆమెకే చెందుతుందన్న చట్టం 1870లో, ఆస్తి హక్కును విస్తరించిన చట్టం 1882లో వచ్చాయి. ఆస్టిన్ చనిపోయి అప్పటికి అర్ధ శతాబ్దం దాటిపోయింది.

పెళ్లి వద్దనుకున్న మర్యాదస్తుల ఇంటి ఆడపిల్లకు దొరికే ఉద్యోగం గవర్నెస్ పని. 1847లో షార్లెట్ బ్రాంటీ రాసిన ‘జేన్ ఎయిర్’ నాయిక ఆ పనికి తీసుకునే జీతం ఏడాదికి 30 పౌండ్లు. డార్సీ రాబడిలో అది మూడు వందల ముప్పయ్యో వంతు కూడా కాదు. ఇటు యజమాని కుటుంబంలో మనిషీ కాదు, అటు పనివాళ్లలో మనిషీ కాదు. చివరికి జేన్ తన మనసుకు నచ్చిన రోచెస్టర్‌ను చేసుకుంటుంది. కానీ అది జరిగేది బాబాయి ఆస్తి 20,000 పౌండ్లు కలిసొచ్చి, దాన్ని తన వాళ్లతో నాలుగు వాటాలుగా పంచుకున్న తర్వాతే. చేతిలో సొంత డబ్బున్న మనిషిగానే ఆమె ఆ ఇంటికి తిరిగి వెళుతుంది. జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’ (1871-72)లో వృద్ధ పండితుడు కాసాబన్ చనిపోతూ వీలునామాకు ఒక షరతు తగిలిస్తాడు. విధవరాలైన డొరోతియా ఫలానా యువకుణ్ని పెళ్లాడితే ఆమెకు ఆస్తి దక్కదు. పోయాక కూడా భార్య మీద అధికారం చేసే మార్గం అతనికి చట్టమే ఇచ్చింది.

ఆస్టిన్‌కు ఈ లెక్కలు పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా కట్నం లేని పిల్ల. 1752లో ఓడెక్కి మన మద్రాసు తీరానికి వచ్చి, మరుసటి ఏడాది కడలూరులో టైసో సాల్ హాంకాక్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుణ్ని పెళ్లాడింది. పెళ్లి కోసం సముద్రాలు దాటిన ఇలాంటి ఇంగ్లిష్ ఆడపిల్లలు ఆ తర్వాత వందల్లో వచ్చారు. ఆస్టిన్ మాత్రం 1802 డిసెంబర్‌లో హ్యారిస్ బిగ్-విదర్ అనే ఆస్తిపరుడు అడిగితే రాత్రి సరేనని, తెల్లారేసరికి మనసు మార్చుకుని కాదంది. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు నిండబోతున్నాయి. ఆమె నవలలో కాలిన్స్‌ను ఇష్టం లేకపోయినా చేసుకున్న షార్లెట్ లూకాస్ వయసు కూడా 27. తాను తప్పించుకున్న దారిలో నడిచిన స్త్రీని ఆస్టిన్ ఎక్కడా దుమ్మెత్తిపోయలేదు. షార్లెట్ చేసిన లెక్క ఏమిటో పాఠకుడికి చూపించి ఊరుకుంది. ఆస్టిన్ తొలి నవల 1811లో రచయిత పేరు లేకుండా ‘ఒక స్త్రీ’ రాసినట్టుగానే అచ్చయింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను ఆమె అమ్ముకున్నది 110 పౌండ్లకు.

మన నవలకు దొరకని నాయిక

ఇంగ్లిష్ నవల మన దేశానికి వచ్చిన కొత్తలో ఇక్కడి రచయితలకు ఒక చిక్కు ఎదురైంది. ఆ నవలల్లో నాయిక పెళ్లీడుకొచ్చిన అవివాహిత. నలుగురిలో తిరుగుతుంది, మనుషులను అంచనా వేస్తుంది, ఇష్టం లేకపోతే కాదంటుంది. పదేళ్లకే పెళ్లైపోయే ఆడపిల్లల దేశంలో అలాంటి నాయిక ఎక్కడ దొరుకుతుంది? భారతీయ నవల తొలినాళ్లలో ఎదుర్కొన్న ఈ ఇబ్బందిని విమర్శకురాలు మీనాక్షీ ముఖర్జీ 1985 నాటి ‘రియలిజం అండ్ రియాలిటీ’ గ్రంథంలో చర్చించారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, ఢిల్లీలోని జేఎన్‌యూలోనూ పాఠాలు చెప్పిన ఆమె 1991లో ఆస్టిన్ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు.

తెలుగులోనూ అదే కథ. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’కు గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ. చితికిపోయిన కుటుంబం, కూతుళ్ల పెళ్లిళ్లు అక్కడి నుంచి వచ్చినా, పరిసరాలూ ఆచారాలూ గోదావరి తీరానివే. 1892లో రంగస్థలమెక్కిన గురజాడ ‘కన్యాశుల్కం’లో పెళ్లి ధర మరీ బాహాటం. ఆడపిల్లకు వెల కట్టి ముసలివాడికి అమ్మడం అందులో అసలు విషయం. 1921 నాటి కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ వచ్చేసరికి బేరం తిరగబడింది. వెల పలికేది పెళ్లికొడుకు. ఆస్టిన్ నవలలో చెల్లెలు లిడియాను లేవదీసుకుపోయిన వికమ్‌తో పెళ్లి జరిపించడానికి డార్సీ అతని అప్పులు తీర్చి, పైన సొమ్ము ముట్టజెప్పే ఘట్టాన్ని ‘వరవిక్రయం’ చదివిన తెలుగువారు వేరే పేరుతో పిలవరు.

ఆడపిల్ల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చింది. హిందూ వివాహ చట్టం 1955లో, వారసత్వ చట్టం 1956లో వచ్చాయి. ఈలోగా ఢిల్లీలో ఆడపిల్లల కాలేజీలు వెలిశాయి. చదువు పూర్తై పెళ్లికి ముందు రెండు మూడేళ్లు ఖాళీ దొరికిన అమ్మాయిలు కనిపించసాగారు. సరిగ్గా 1955లోనే రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా తొలి నవల ‘టు హూమ్ షీ విల్’ అచ్చయింది. జర్మనీలో పుట్టి, ఇంగ్లండ్‌లో చదివి, పార్శీ ఆర్కిటెక్ట్‌ను పెళ్లాడి 1951లో ఢిల్లీ వచ్చిన ఆమె 1975 వరకు ఇక్కడే ఉన్నారు. ఆ నవలలో రేడియోలో పనిచేసే సంపన్నుల ఇంటి అమృత, దేశవిభజన తర్వాత శరణార్థులుగా వచ్చిన పంజాబీ కుటుంబంలోని హరి ప్రేమించుకుంటారు. విడదీయడానికి ఇరు కుటుంబాలూ నడుం బిగిస్తాయి. అది చదివిన విమర్శకులు ఆస్టిన్ పేరెత్తారు. ఢిల్లీకి తొలి ‘ఆస్టిన్ నాయిక’ అలా దొరికింది.

మిరాండా హౌస్‌లో ఫ్యానీ

1948లో ఢిల్లీ విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ మారిస్ గ్వయర్ స్థాపించిన మిరాండా హౌస్ మహిళల కాలేజీ. అక్కడ పాఠాలు చెప్పిన రూత్ వనిత ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్ ఇన్ మిరాండా హౌస్’ అనే వ్యాసం రాశారు. రాజేశ్వరీ సుందర్ రాజన్ సంపాదకత్వంలో 1992లో వచ్చిన ‘ద లై ఆఫ్ ద ల్యాండ్’ సంకలనంలో అది ఉంది. భారతదేశంలో ఇంగ్లిష్ సాహిత్య బోధన గురించిన పుస్తకమది.

ఆస్టిన్ నవలల్లో ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ (1814) అందరూ ఇష్టపడేది కాదు. నాయిక ఫ్యానీ ప్రైస్ నోరు మెదపని పిల్ల. పేద తల్లిదండ్రులు ఆమెను పెంచమని ధనికుడైన పెదనాన్న సర్ థామస్ ఇంటికి పంపుతారు. ఆస్తి ఉన్న హెన్రీ క్రాఫర్డ్ ఆమెను పెళ్లాడతానంటాడు. ఫ్యానీ వద్దంటుంది. సర్ థామస్ కొట్టడు, గదిలో పెట్టి తాళం వేయడు. ఇంత కృతఘ్నత తగునా అని మందలిస్తాడు. సుఖాలు లేని బతుకెలా ఉంటుందో తెలిసిరావాలని ఆమెను పుట్టింటికి పంపుతాడు. తిండి పెట్టిన చేతులకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో చెప్పే ఈ ఘట్టం, ఒకవైపు పాఠాలు వింటూ మరోవైపు ఇంట్లో పెళ్లిచూపుల కబుర్లు వినాల్సివచ్చే అమ్మాయిలకు విడమర్చి చెప్పాల్సినది కాదు.

రూత్ వనిత తరగతి గదికే పరిమితం కాలేదు. మధు కిష్వర్‌తో కలిసి ఢిల్లీ నుంచి ‘మానుషి’ పత్రికను నడిపారు. ఆ పత్రిక తొలి సంచిక వచ్చిన 1979లోనే ఢిల్లీ వీధుల్లో వరకట్న చావుల మీద ఆందోళన రాజుకుంది. స్త్రీ సంఘర్ష్ బృందం ‘ఓం స్వాహా’ వీధి నాటకాన్ని ఊరూరా ఆడింది. అదే ఏడాది కూతుర్ని పోగొట్టుకున్న సత్యరాణి చడ్ఢా దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. 1987లో షాజహాన్ ఆపాతో కలిసి శక్తి శాలిని సంస్థను నెలకొల్పారు. 1983లో భారత శిక్షాస్మృతిలో చేరిన 498ఏ సెక్షన్, 1986లో చేరిన వరకట్న మరణాల సెక్షన్ ఆ ఆందోళనల ఫలితాలే. పెళ్లి ఒక బేరం అన్న మాట ఆస్టిన్ నవలల్లో నవ్వు పుట్టిస్తుంది. ఢిల్లీలో ఆ బేరం కిరోసిన్ డబ్బా దాకా వెళ్లింది.

బహదూర్‌గఢ్ నుంచి వచ్చిన పిల్ల

ఆస్తి తర్వాత ఆస్టిన్ చూపు పడేది అంతస్తు మీద. 21 ఏళ్ల ఎమ్మాకు సొంతంగా 30,000 పౌండ్లున్నాయి. పెళ్లి చేసుకోవాల్సిన అగత్యం లేదు కాబట్టి ఇతరులకు పెళ్లిళ్లు కుదర్చడం ఆమె కాలక్షేపం. తల్లిదండ్రులెవరో తెలియని హ్యారియెట్‌ను చేరదీస్తుంది. ఆ అమ్మాయి ఇష్టపడ్డ రైతు రాబర్ట్ మార్టిన్ తక్కువవాడని వద్దనిపిస్తుంది. హ్యారియెట్ నష్టపోతే ఎమ్మాకు పోయేదేమీ లేదు.

‘ఐషా’లో ఆ హ్యారియెట్ షెఫాలీ అయింది. ఊరు బహదూర్‌గఢ్. ఢిల్లీ సరిహద్దును ఆనుకుని హర్యానాలో ఉండే ఆ పట్టణం మ్యాపులో రాజధానికి ఎంత దగ్గరో, సౌత్ ఢిల్లీ డ్రాయింగ్ రూములకు అంత దూరం. అమృతా పురి పోషించిన ఆ పాత్ర మాట తీరు, కట్టూబొట్టూ అన్నీ ఐషా చేతిలో మరమ్మతుకు గురవుతాయి. విడుదలైనప్పుడు సినిమా నిండా బ్రాండ్ల బట్టలూ బ్యాగులే ఉన్నాయని చాలామంది పెదవి విరిచారు. నిజానికి ఆ బ్రాండ్ల వల్లే పాత కథ కొత్త ఊళ్లో ఇమిడింది. 1815 నాటి ఇంగ్లండ్‌లో గుర్రబ్బండి ఉందా లేదా అన్నది తేల్చిచెప్పిన విషయాన్ని ఇక్కడ చేతిలోని బ్యాగు తేల్చిచెబుతుంది. ‘పొలైట్ సొసైటీ’లోనూ అనియా చేరదీసిన డింపుల్ పరిస్థితి అంతే. ఎన్‌సీఆర్ అనే మూడక్షరాల కింద గుర్గావ్, నోయిడా, ఘజియాబాద్, బహదూర్‌గఢ్ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం పిన్‌కోడ్ పిన్‌కోడే.

ఒక్క తేడా ఉంది. ఈ కొత్త నాయికల్లో చాలామంది సంపాదించుకోగలరు. చౌహాన్ నవలలోని దేబ్జానీ 1980ల్లో టీవీలో ఇంగ్లిష్ వార్తలు చదువుతుంది. తిండి కోసం పెళ్లాడాల్సిన షార్లెట్ దుస్థితి ఆమెది కాదు. మరి ఇంటి సంగతి? రెండో అక్క బినోదిని ఆలోచన ఎప్పుడూ తన పిల్లలకు రావాల్సిన హిస్సా మీదే ఉంటుంది. 2015లో వచ్చిన తరువాయి భాగం ‘ద హౌస్ దట్ బీజే బిల్ట్’లో ఆ హేలీ రోడ్డు ఇంటి అమ్మకమే అసలు గొడవ. తెలుగు ప్రేక్షకులకు ఇలాంటి కథ 2000లోనే పరిచయం. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ఆధారంగా రాజీవ్ మేనన్ తీసిన తమిళ చిత్రం ‘ప్రియురాలు పిలిచింది’గా తెలుగులోకి వచ్చింది. టబు, ఐశ్వర్యా రాయ్ పోషించిన అక్కాచెల్లెళ్లు తాతగారి వీలునామా పుణ్యమా అని పుట్టి పెరిగిన ఇల్లు వదిలి తల్లితో పాటు నగరం బాట పడతారు.

ఢిల్లీ మార్కు కట్టడి

మగ వారసుడికే భూమి అన్న కట్టడి పాత ఇంగ్లండ్ సొత్తు అనుకుంటే పొరపాటు. 1954 నాటి ఢిల్లీ భూసంస్కరణల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం సాగుభూమికి వారసుల వరుసలో మొదటి స్థానం మగ సంతానానిది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి ఆస్తిలో హక్కు ఇచ్చినా, ఇలాంటి భూచట్టాల జోలికి వెళ్లనని 4(2) సెక్షన్‌లో రాసుకుంది. రాజధాని చుట్టుపక్కల పొలాలు కాలనీలుగా, ఫామ్‌హౌస్‌లుగా మారి ధరలు కోట్లకు చేరుతుంటే గ్రామాల్లోని కూతుళ్లు చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన సవరణ ఆ 4(2) సెక్షన్‌ను తీసేసింది. దాంతో ఢిల్లీ చట్టంలోని పాత వరుస చెల్లదనీ, స్త్రీలు హిందూ వారసత్వ చట్టం కింద వాటా అడగవచ్చనీ ఢిల్లీ హైకోర్టు 2010లో నిర్మల కేసులో చెప్పింది. నోయిడా, ఘజియాబాద్ ఉన్న ఉత్తరప్రదేశ్ తీరు వేరు. అక్కడ 2016లో అమల్లోకి వచ్చిన రెవెన్యూ కోడ్ సాగుభూమి విషయంలో పెళ్లైన కూతుళ్లను కొడుకుల వెనక వరుసలోనే నిలబెట్టింది.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు కల్పించడంలో తెలుగు నేల ముందుంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లైన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో దక్కింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్న మీమాంసకు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తెరదించింది. హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది.

ఇంకో చిక్కుంది. ఢిల్లీలోని కోఠీలు, ఫ్లాట్లు చాలావరకు స్వార్జితాలు. తండ్రి ఎవరికి రాసిస్తే వారివి. వీలునామా ఉంటే చట్టం పక్కకు తప్పుకుంటుంది. అది లేనప్పుడు అక్కరకొచ్చేది హక్కు విడుదల దస్తావేజు. పెళ్లికి అంత ఖర్చుపెట్టాం కదా, అన్నదమ్ములతో పుట్టింటి రాకపోకలు చెడగొట్టుకుంటావా అన్న మాటల మధ్య సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అక్కాచెల్లెళ్లు సంతకాలు పెట్టడం రాజధానిలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలే. వారిలో మంచి ఉద్యోగాలు చేస్తున్నవారూ, కాలేజీలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మీద మంచి మార్కులు తెచ్చుకున్నవారూ ఉంటారు. సర్ థామస్ ఫ్యానీ మీద ప్రయోగించిన ఆయుధమే ఇక్కడా పనిచేస్తుంది. దాని పేరు కృతజ్ఞత.

బెనెట్ ఎస్టేటు విషయంలో ఎలిజబెత్‌ను అడిగినవారు లేరు. ఆమె సంతకంతో ఎవరికీ పని పడలేదు. ఢిల్లీ కూతుళ్ల సంతకానికి చట్టం విలువ తెచ్చింది. అందుకే ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఆ సంతకం కోసం ఎదురుచూస్తుంటారు.